తడిపిన తాడు

"తడిపి కట్టు చెల్లె. తడిస్తే బిగుస్తది."

"అట్లనే అక్కా."

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. బుచ్చమ్మ బండి మీద మూటల పక్కన కూర్చుని ఉంది. నేను తాడు తడిపి ఆ మూటల చుట్టూ బిగించి, ముడి వేసి, వెనక్కి జరిగాను. ఎడ్లు కదిలాయి. బండి కాటారం దిక్కు పోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసిందా? చూసిందని ఒకరోజు అనుకుంటాను. చూడలేదని ఇంకోరోజు అనుకుంటాను.

తాడు ఆమెతో పోయింది. దాని బరువు నా దగ్గర ఉండిపోయింది. డెబ్బై ఏళ్లు దాటాయి. మోసీ మోసీ అది బరువని కూడా తెలియకుండా పోయింది. భుజం మొద్దుబారిపోతే కావడి ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సి వస్తుంది, అట్లా. ఇవాళ చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లయితే 'పోనీలే, ఆ కాలమే అట్లాంటిది' అంటారు. ఆ మాట నాకు వద్దు. నాకు నా పేరు రాయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మునిమనవరాలు రాస్తోంది. చదువుకున్న పిల్ల కాబట్టి పుస్తకాల భాషలో రాస్తోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను.

ఈ పిల్ల వల్లే ఇది బయటికి వస్తోంది. యూనివర్సిటీలో భూగోళం చదువుతోంది. భూగోళంలో ఏం చదువుతావే అని అడిగితే, "భూమి, నీళ్లు, మనుషులు. ఎవరు ఏడ బతికిన్రు, ఎందుకు ఊరిడిసిపోయిన్రు. గదే అవ్వా" అంది. దొరల మీద పోరాటం రోజుల్లో సంఘం పంచిన భూముల మీద ఇప్పుడు ఎవరున్నారు, లేనివాళ్లు ఎటు పోయారు, నీళ్లు ఎక్కడుంటే మనుషులు అక్కడే మిగిలారా, ఇదీ ఆమె పరిశోధన. ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత బాటలూ పాత బావులూ అడిగి తెలుసుకుని పటం గీస్తుంది.

పోయిన నెల కంప్యూటర్ తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఆకాశం నుంచి తీసిన మా ఊరి ఫోటో అట. ముందు నాకేమీ తెలియలేదు. వాగు వంపు చూశాక తెలిసింది. వాగు ఒడ్డున పదకొండు పొలం పట్టీలు. ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి, జొన్న పోయి పత్తి వచ్చింది. గట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తొమ్మిది పట్టీలు ఒకే వెడల్పు. పదోది సన్నం. పదకొండోది వెడల్పు.

"గీ సన్నది ఎవలదవ్వా?"

"బుచ్చమ్మది."

"గీ పెద్దది?"

"మనదే."

"తాడుతోని కొలిసిన్రు గదా. గాపాటి ఫరక్ వస్తది" అని ఆమె ఏదో రాసుకుంది. ఏం రాశావని అడిగాను. చదివి వినిపించింది: కొలత పొరపాటు.

పొరపాటు. నేను చేసినదానికి అంత మంచి పేరా? నెల రోజులు ఊరుకున్నాను. ఇన్నేళ్లు ఊరుకున్నదాన్ని, ఇంకొన్నాళ్లు ఊరుకుంటే నాతోనే కాటికి పోయేది. కానీ ఆ మాట పటం మీదికి ఎక్కుతోంది. నేను పోయాక కూడా ఉంటుంది. ఎవరో తెలియని పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారు.

అందుకని చెబుతున్నాను.

మా ఊరు దంతాలపల్లి దగ్గర ఒక పల్లె. మా అత్తగారింట్లో జనపనారతో తాళ్లు పేనేవాళ్లు. మోటతాళ్లు, పశువుల పలుపులు, మంచాల నులక. బుచ్చమ్మ పక్కింటి కోడలు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. చుట్టరికం లేదు. అక్కా అనేదాన్ని, చెల్లె అనేది. ఇద్దరం దొర దగ్గర వెట్టి చేసేవాళ్లం. ఎండాకాలం ఆయన పశువులను వాగు ఒడ్డున మేపేవాళ్లం. అక్కడ ఒకచోట, చుట్టూ నేలంతా నెర్రెలు విచ్చినా సరే, తుంగ పచ్చగా ఉండేది. చేతులతో మూరెడు లోతు తవ్వితే నీళ్లు ఊరేవి. అట్లా నీళ్లు ఊరే చోటును జాలు అంటారు. దాన్ని ముందు కనిపెట్టింది బుచ్చమ్మ. నా చెయ్యి పట్టుకుని ఆ మట్టిలోకి దించింది.

"చూడు, ఎంత సల్లగున్నదో. గిది మన భూమైతే గిక్కడనే బాయి తవ్వుదుము."

దొర భూమి మనదెట్లా అవుతుందని ఇద్దరం పడీపడీ నవ్వాం.

అయింది. సంఘం వచ్చింది. దొర పట్నం పారిపోయాడు. మా ఆయన సంఘంలో ముందుండే మనిషి. వాగు ఒడ్డు భూమిని పదకొండు ఇళ్లకు పంచాలని అందరూ కూర్చుని అనుకున్నారు. కొలిచే గొలుసు పట్వారీ దగ్గర ఉండేది, పట్వారీ దొర వెనకాలే పోయాడు. అందుకని మా ఇంటి మోటతాడే గొలుసు అయింది. వంతుకు అయిదు తాళ్ల వెడల్పు. ఎవరి వంతుకు వాళ్లు తాడు పట్టుకోకూడదు, పక్క వంతువాళ్లు పట్టుకోవాలి. ఈ నియమం పెట్టింది కూడా మా ఆయనే.

ఆఖరి వంతు ఎవరికీ వద్దు. వాగు మలుపు దగ్గర ఉంది. అంతా గులక. వానలు పడితే వాగు ఎంత కోసుకుపోతుందో తెలియదు. అందరూ తలలు వంచుకుని కూర్చుంటే మా ఆయన లేచాడు.

"ఆఖరిది మాకు రాయిన్రి. పంచేటోడే మంచిది తీసుకుంటే దొరకు మనకు ఫరకేంది?"

చప్పట్లు కొట్టారు. నేను ఆడవాళ్లలో నిలబడి ఉన్నాను, చంకలో తొమ్మిది నెలల పిల్లతో. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన రేపో మాపో దళంలోకి పోయే మనిషి. ఆ గులకలో గింజ మొలిపించాల్సింది నేను. మంచిపేరు ఆయనకు, గులక నాకు.

కోపంతోనే చేశానని చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ కోపం ఆయన మీద కదా. బుచ్చమ్మ నన్నేం చేసింది?

కొలత రోజు మధ్యాహ్నానికి తొమ్మిది వంతులు అయిపోయాయి. పదోది బుచ్చమ్మది, ఆఖరిది మాది. నిలబడి కంటితో చూస్తేనే తెలుస్తోంది, జాలు పదో వంతు చివరన, ఆమె హద్దు లోపల పడుతుంది. ఆమెకూ తెలిసింది. నా పక్కకు వచ్చి చెవిలో, "చెల్లె, జాలు నాకే వస్తున్నది. నువ్వు ఫికర్ చెయ్యకు. నీళ్లు నీ దిక్కు గూడ పారిపిస్త" అంది.

అంత మాట అంది. ఆ మాట విన్నాకే నేను చేశాను.

అందరూ జొన్న గట్క తాగడానికి చెట్ల కింద కూర్చున్నారు. ఒక ముసలామె బుచ్చమ్మను ఆట పట్టిస్తోంది. "ఓ బుచ్చమ్మా, భూమొస్తుందని నడకనే మారిందే! దొరసాని లెక్క నడుస్తున్నవ్." దానికి బుచ్చమ్మ, "మారదా మరి? రేపటి సంది నా గట్టెక్కాల్నంటే నువ్వు గూడ చెప్పులిడిసి రావాలె" అంది. "నాకు చెప్పులేడియే?" అంది ముసలామె. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లేచి, కుప్పగా పడి ఉన్న తాడును భుజాన వేసుకుని వాగులోకి దిగాను.

వాగులో ఒక గుంట దగ్గర కొంచెం నీళ్లున్నాయి. పిల్లను ఒడ్డున కూర్చోబెట్టి తాడును ముంచాను. జనపనార తాడు తడిస్తే బిగుసుకుని పొట్టిదవుతుంది. తాళ్లు పేనే ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నిజానికి ఊరందరికీ తెలుసు. నులకమంచం వదులైతే నీళ్లు చల్లనివాళ్లు ఎవరు? కానీ మంచం సంగతి మంచం దగ్గరే గుర్తొస్తుంది. చేనులో నిలబడితే ఎవరికి గుర్తొస్తుంది?

నాకు గుర్తొచ్చింది.

నార లోపలికి నీళ్లు పట్టేదాకా కాళ్లతో తొక్కాను. తిప్పి మళ్లీ తొక్కాను. పిల్ల ఏడుస్తోంది. ఏడవనిచ్చాను. తప్పని తెలుసా? తెలుసు. చేతులు వణికాయా? లేదు. వణికి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. వణకలేదు.

తాడు మోసుకుని వస్తే మా ఆయన చూశాడు. "తడిసిందేందే?"

"ఎండకు పెళుసైంది. తెగుతదని తడిపిన."

"మా ఇంటిది హుషారే" అని అందరికీ వినబడేట్టు అన్నాడు. అబద్ధం కూడా కాదు నేను చెప్పింది. ఎండిన తాడును తడిపి వాడటం మా పనిలో మామూలే. తాళ్ల ఇంటి మనిషి తాడు తడిపితే ఎవరు అడుగుతారు?

బుచ్చమ్మ వంతుకు తాడు కొస పట్టుకోవాల్సింది పక్క వంతు మనిషి, అంటే నేనే. అయిదుసార్లు పట్టుకున్నాను. అయిదుసార్లు వంగి నేలకు ఆనించాను. తాడుకు బారెడు చొప్పున ఆమె భూమి తరిగింది. అయిదో తాడు ఆగిన చోట హద్దురాయి పాతారు. జాలు ఆ రాయికి మా వైపు పడింది. మా వంతును ఎవరూ కొలవలేదు. వాగు కోసుకుపోయే వంతు, కొలిచి ఏం చేస్తాం అన్నారు.

బుచ్చమ్మ రాయిని చూసింది. తుంగను చూసింది. తర్వాత నా చంకలోంచి పిల్లను తీసుకుని ముద్దు పెట్టుకుని, "పోనీ తియ్యి. నీ వంతుల పడితేంది, నా వంతుల పడితేంది. మనం మనం ఒకటి గాదా?" అంది.

అప్పుడైనా చెప్పగలిగేదాన్ని. రాయి ఇంకా వదులుగానే ఉంది.

తర్వాత మిలిటరీ వచ్చింది. మా ఆయన దళంతో అడవికి పోయాడు, దొరికాడు, జైల్లో పెట్టారు. దొర తిరిగొచ్చి మంచి భూములన్నీ లాక్కున్నాడు. వాగు ఒడ్డు మెట్ట తనకెందుకని వదిలేశాడు. అట్లా ఆ పదకొండు వంతులు మాకు మిగిలాయి.

ఆ ఎండాకాలం జాలు దగ్గర బావి తవ్వాం. మా ఊళ్లో బావి పనికి ఒకరికొకరు బదులు పోతారు. బుచ్చమ్మ, ఆమె పెనిమిటి మా బావికి వచ్చారు. ఆమె తట్టలెత్తింది, ఆయన గడ్డపార వేశాడు. రెండు నిలువుల లోతులో నీళ్లు పడ్డాయి. అందరికన్నా ముందు ఆ నీళ్లు దోసిట్లో పట్టింది ఆమే. నా ముఖం మీద చల్లి నవ్వింది. తర్వాత మేం ఆమె బావికి పోయాం. జాలుకు ఎంత దగ్గరగా తవ్వగలరో అంత దగ్గరగా, హద్దురాయి పక్కనే మొదలుపెట్టారు. బండ తగిలింది. కొద్దిగా జరిగి తవ్వారు. బండే. మరుసటి ఎండాకాలం కూడా తవ్వారు. నేను వెళ్లి తట్టలెత్తాను. నీళ్లు ఎక్కడున్నాయో తెలిసి, లేని చోట ఆమెతో కలిసి మట్టి మోశాను. ఆ పనిని ఏమంటారో నాకు తెలియదు.

ఒకసారి ఆమె మా గడప బయట నిలబడి అడిగింది. "చెల్లె, జొన్న ఎండుతున్నది. రెండు తడులైతే చాలు. మోట మేమే కొట్టుకుంటం."

మా అత్త లోపలి నుంచే, "మా మడికే సాలుతలేవు, నీకు ఏడికెళ్లి ఇయ్యాలె?" అంది.

నేను పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నాను. బయటికి రాలేదు. చేతుల చప్పుడు ఆపలేదు. ఆపితే నేను వింటున్నానని ఆమెకు తెలుస్తుంది. ఆమె వెళ్లిపోయేదాకా ఒకటే రొట్టెను కొడుతూ ఉన్నాను.

నీళ్లు చాలక కాదు. చాలా ఉన్నాయి. నీళ్లిస్తే రోజూ ఆ బావి ఒడ్డున ఆమె పక్కన నిలబడాలి. ఆమె నన్ను చెల్లె అంటూనే ఉంటుంది. అది నావల్ల కాదు. ఒక తప్పు కనబడకుండా ఉండడానికి ఇంకొకటి చేశాను, అంతే.

మూడో ఏడు వాళ్లు ఊరు వదిలారు. కాటారం పక్కన అడవి కొట్టుకుంటే భూమి దొరుకుతుందని, నీళ్లకు కరువుండదని ఎవరో చెప్పారట. బండి కట్టిన రోజు బుచ్చమ్మ వచ్చి, మూటలు కట్టుకోవడానికి తాడుందా అని అడిగింది. ఇంట్లో పది తాళ్లున్నాయి. నేను ఆ తాడే తెచ్చి ఇచ్చాను. ఎందుకు? నా కళ్ల ముందు లేకుండా పోవాలనా? ఎవరి భూమి తిందో వాళ్లకే చేరాలనా? ఏమీ అనుకోలేదేమో. చెయ్యి దాని మీదే పడిందేమో.

అప్పుడే ఆమె ఆ మాట అంది, తడిపి కట్టు అని.

మూటలు కట్టేటప్పుడు అందరూ అనే మాటే అది. నేనే నూరుసార్లు అన్నాను. ఆమెకు తెలిసి అందా? ఆ రెండు ఎండాకాలాలు బండ మీద గడ్డపార దెబ్బలు వింటూ, ఒక మధ్యాహ్నం ఎప్పుడో ఆమెకు నులకమంచం గుర్తొచ్చిందా? గుర్తొచ్చి కూడా నన్ను అడగలేదా? తెలియక అందంటే ఆమె నన్ను నమ్మే వెళ్లిపోయింది. తెలిసి అందంటే నన్ను వదిలేసి వెళ్లిపోయింది. ఏది నయమో డెబ్బై ఏళ్లుగా తేల్చుకోలేకపోయాను.

రెండు వానాకాలాల తర్వాత, కాటారం దారిలో ఘనపూర్ దిక్కు నాట్లకు పోయి వచ్చినవాళ్లు చెప్పారు, బుచ్చమ్మ అడవి జ్వరంతో పోయిందని. ఆమె పెనిమిటి పిల్లలను తీసుకుని ఇంకా ముందుకు, గోదావరి వైపు పోయాడని. ఎక్కడికో వాళ్లకు తెలియదు. అప్పుడు నేను మా బావి కింది మడిలో నాటు వేస్తున్నాను. వంచిన నడుం ఎత్తలేదు. వరస పూర్తి చేశాను. ఇంకో వరస మొదలుపెట్టాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మా ఆయన జైలు నుంచి వచ్చి బావి చూశాడు, మడి చూశాడు. "బుచ్చమ్మోళ్లేరి?" అన్నాడు. నీళ్లు పడక ఊరు వదిలారన్నాను. పాపం అన్నాడు. కాసేపటికి, "మనం ఆఖరిది తీసుకున్నం, భూమే మనకు న్యాయం చేసింది" అన్నాడు. చనిపోయేదాకా అట్లాగే నమ్మాడు. ఆయన పోయిన రోజు ఊళ్లో మైకు పెట్టి మాట్లాడారు, ఆఖరి వంతు అడిగి తీసుకున్న మనిషి అని. నేను గాజులు తీసిన చేతులు ఒడిలో పెట్టుకుని విన్నాను. నిజం చెబితే ఆయన పేరు పోతుందని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. బువ్వ పోతుందని ఊరుకున్నాను. ఆ బావి నీళ్లతోనే నా పిల్ల పెరిగింది, దాని పిల్లలు పెరిగారు. ఇది రాస్తున్న పిల్ల చదువు కూడా ఆ నీళ్లలోంచే వచ్చింది.

తాడు తడిపిన సంగతి చెప్పినప్పుడు పిల్ల రాయడం ఆపేసింది. నా వైపు చూడలేదు. "నిజమేనా అవ్వా?" అంది. నిజమే అన్నాను. మంచిదన్నా చెడ్డదన్నా ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఏమీ అనకుండా మళ్లీ రాయడం మొదలుపెట్టింది. అదే నయం.

ఆమె పటం మీద ఊరు వదిలిపోయినవాళ్లకు ఎర్ర గీతలు గీసింది. బుచ్చమ్మ గీత మా వాగు దగ్గర మొదలై కాటారం దాకా పోయి ఆగిపోయింది. ఆ తర్వాత తెల్ల కాగితమే. ఆమె పిల్లలు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో, అడగడానికి ఎవరూ లేరు. ఉంటే ఏం ఇస్తాను? క్షమించమని ఎవరిని అడగను? అడగను కూడా. చెప్పడం వరకే నా చేతిలో ఉంది. చెప్పాక ఏమన్నా తేలికైందా అంటే, భుజం మీద ఏదో ఉందని మాత్రం తెలుస్తోంది. ఇన్నాళ్లూ అది కూడా తెలియలేదు.

ఇక్కడ నా పేరు పెట్టలేదు. ఆ పేరు పక్కన ఆయన పేరు కూడా ఉంటుంది, ఆయనకు ఏమీ తెలియదు. కానీ పటం మీద దాచొద్దని పిల్లకు చెప్పాను. అక్కడ ఏం రాయాలో ఇప్పుడు చెబుతున్నాను.

కొలత పొరపాటన్న మాట కొట్టెయ్యి బిడ్డా. పొరపాటు గాదు, తాడు తడిపిన్రు అని రాయి. ఎవలు తడిపిన్రో గూడ రాయి. జాలు కాడ బుచ్చమ్మ పేరు పెట్టు. రాసినవా? ఇగ మొదటికెళ్లి సదువు. జర పెద్దగ సదువు, నాకు సరిగ ఇనబడ్తలేదు. తాడు కాడికొచ్చినంక మెల్లగ సదువు. ఇడిసిపెట్టకు. నేను ఇనుకుంట ఉంట.